కొలత బోరులో గంగమ్మ

మదనపల్లె టమోటా మార్కెట్ ఎదురుగా ఉన్న టీ కొట్టులో నేను చెప్పిన మాటలన్నీ నిజమే అయితే, గుర్రంకొండ కోట కింద ఈపాటికి ఒక గుర్రం బతికే ఉండాలి. అక్కడి బోరులో టేపు వదిలితే కిందనుంచి ఎవరో పట్టుకుని లాగారనీ, నేను పైకి, వాళ్లు కిందికి కాసేపు లాక్కున్నామనీ, చివరికి టేపు కొసన గుర్రపు వెంట్రుకలు చిక్కుకుని వచ్చాయనీ ఒక ఉదయం చెప్పాను.

"ఎవురి గుర్రమప్పా?" అన్నాడు టీ కొట్టాయన, పాలగిన్నె మీదనుంచి కన్ను తీయకుండా.

"కోటలో పాతకాలం దొరది."

"నీళ్లు తాగేదానికి దిగిందేమోలే పాపం."

"దిగిందిలే. నీళ్లుంటే గదా. గొంతెండి నా టేపు నమలతాండాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ బోరులో నీళ్లు ఎంత లోతుకు పోయాయో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. గుర్రం సంగతి తప్ప మిగిలిందంతా నిజం.

నీళ్లు కొలవడం నా పని. పైన కనబడే నీళ్లు కాదు, నేల కింద ఉండేవి. ప్రపంచంలోని దేశాలన్నీ ఒకచోట కూర్చుని, ఆకలి ఇంత తగ్గాలి, తాగే నీళ్లు ఇంతమందికి అందాలి, అడవి ఇంత నిలవాలి అని గడువు పెట్టి మరీ రాసుకున్నాయట. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు అంటారు వాటిని. రాసుకున్నాక, దారిలో ఎంతదూరం వచ్చామో ఎవరో ఒకరు కొలవాలి కదా. ఎక్కడో సముద్రాల అవతల మొదలైన ఆ కొలత మెట్లు మెట్లుగా దిగి దిగి, చివరికి నా స్కూటరు డిక్కీలో చుట్టచుట్టుకుని పడుకుంది. చక్రానికి చుట్టిన పొడవాటి టేపు, దాని కొసన బొటనవేలంత ఇనుప ముక్క. ఆ ముక్క నీటిని తాకగానే పైన చక్రంలో ఉన్న డబ్బా కుయ్‌మని అరుస్తుంది. ఎంత లోతులో అరిచిందో చూసి ఫోనులో కొడతాను. ఫోనులో మా ప్రాంతం పటం ఉంటుంది. ఊరికొక చుక్క. నీళ్లు అడుగంటితే ఎరుపు, మధ్యరకమైతే పసుపు, బాగుంటే పచ్చ.

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా పోయే దారిలో నా చుక్కలు ఎక్కువగా ఎరుపే. ఏళ్లతరబడి ఎరుపు చూసి చూసి, నా కంటికి ఆ పటం పొంగుపోసిన పిల్లవాడి వీపులా కనిపించేది.

అందుకే పెద్దపంజాణి వైపున్న ఆ చిన్న ఊరిలో టేపు తొందరగా కుయ్‌మన్న రోజు నాకు బాగా గుర్తుంది.

ఊరు పేరు చెప్పను. ఊరంతా కలిపి ఒక వీధి, చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు. ఊరి చివర మూతపడిన పాలకేంద్రం. దాని వెనక మోకాలెత్తున నీలిరంగు ఇనుప గొట్టం. అదే మా కొలత బోరు. దానికి మోటారు ఉండదు, అందులోంచి ఎవరూ నీళ్లు తోడరు. టేపు వదలడానికి మాత్రమే తవ్విన కంత. దాని మూతను ఎవరో పాత ఇనుపసామాన్ల వాడికి అమ్మేసి చాలాకాలమైంది. కొత్త మూత కావాలని నేను ఆఫీసులో అడుగుతూనే ఉన్నాను, వాళ్లు వస్తుందంటూనే ఉన్నారు.

పాలకేంద్రం పక్కనే ఒకామె ఇల్లు. నాకంటే కాస్త పెద్దది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పొట్టి పుంగనూరు ఆవులు మేపుకుంటూ, పాలు పోసుకుంటూ బతుకుతుంది. ఆ ఆవులు ఎంత పొట్టివంటే, ఆమె పాలు పితికేటప్పుడు దూరంనుంచి చూస్తే ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో తెలియదు. నేను అక్కా అంటాను. ఆమె నన్ను అప్పా అంటుంది, కోపం వస్తే ఒరే అంటుంది.

ఆ ఊరి బోర్లన్నీ ఎండిపోయాయి. పుంగనూరు పక్కనుంచి ట్రాక్టరు ట్యాంకరు వస్తేనే నీళ్లు. మనుషులకు బిందెలు, ఆవులకు ఇంటిముందు సిమెంటు తొట్టి. ట్యాంకరు రాని మర్నాడు ఆ ఆవులు తొట్టి అడుగును నాలుకతో గీకే చప్పుడు నేను విన్నాను. గరగరమంటుంది, ఎవరో అంట్లు తోముతున్నట్టు.

"ట్యాంకరుండే దాకా ఈటిని సాకుతాను. అది నిలిసిపోతే సంతకు తోలాల్సిందే," అని ఆమె నాతో ముందునుంచీ అంటూనే ఉంది. "సంతలో కొనేటోళ్లు పాలకు కొంటారా అప్పా? పొట్టి ఆవులని ముద్దుసేసేదానికి కొంటే సరే. కోసేదానికి కొంటే?"

అలాంటి ఊరిలో, వాన చుక్క లేని నెలలో, నీటిమట్టం పెరిగింది. మరుసటి నెల ఇంకా పెరిగింది. ఎండలు మొదలైనా పెరుగుతూనే ఉంది. నేను టేపు విదిలించి, బ్యాటరీ మార్చి, మళ్లీ వదిలి చూశాను. అదే లోతులో అదే కుయ్. చుట్టుపక్కల చెట్లేమో ఆకు రాలుస్తున్నాయి. నా పటంలో చుక్క ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి పచ్చకు తిరిగింది.

టీ కొట్టులో ఈ సంగతి చెప్తే ఒక్కడూ నమ్మలేదు. గుర్రాన్ని నమ్మారు గానీ దీన్ని నమ్మలేదు.

ఆఫీసు మాత్రం నమ్మింది.

కుప్పంలో పెద్ద సమావేశం పెట్టారు. కల్యాణమండపంలో తెర, మైకు, గులాబ్‌జామూన్‌తో భోజనం. ఒక పక్క కన్నడం, ఒక పక్క తమిళం, మధ్యలో మా తెలుగు. తెర మీద మా పటం గోడంత పెద్దదిగా పడింది. ఎర్ర చుక్కల మధ్య నా పచ్చ చుక్క ఒక్కటే మిలమిలా మెరుస్తోంది. దాన్ని చూపిస్తూ మాట్లాడింది మా మేడం. చిన్న వయసు, చదువుకున్న పిల్ల, పనిలో నిజాయితీ ఉన్న మనిషి. గుట్టల కింద కట్టించిన చెక్‌డ్యాములు, తవ్విన ఇంకుడు గుంతలు ఫలించాయని ఆమె మనసారా నమ్మింది. అవి తవ్వించడానికి ఎండలో ఆమె ఎంత తిరిగిందో నాకు తెలుసు.

"లక్ష్యం వైపు అడుగు పడిందనడానికి ఇదే కొలమానం," అని నన్ను లేపి నిలబెట్టింది. "ఈ అన్న నెలనెలా కొలిచి తెచ్చిన అంకె ఇది."

చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను. ఆ చప్పట్లు ఆగేలోపే పైఅధికారి ఒకాయన మైకు అందుకుని, పచ్చ వచ్చిన ఊళ్లకు ఇక ట్యాంకర్లు అక్కర్లేదు, వచ్చే నెల నుంచి వాటిని ఎర్ర ఊళ్లకు మళ్లిస్తాం అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు. నా చేతులు ఇంకా నమస్కారంలోనే ఉన్నాయి.

గులాబ్‌జామూన్ తినకుండా వచ్చానంటే నన్నెరిగినవాళ్లు నమ్మరు. రెండోది మాత్రం తినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ ఊరికి పోయి టేపు వదిలాను. కుయ్‌మంది. మెల్లగా పైకి చుట్టి, కొసనున్న ఇనుప ముక్కను అరచేతిలోకి తీసుకున్నాను. దానికి ఒక వేపాకు అంటుకుని ఉంది. ముక్క తుడిస్తే నా రుమాలు పసుపుపచ్చగా అయింది. వాసన చూశాను. వంటింట్లో వచ్చే పసుపు వాసనే.

అంత లోతులో, బండరాతి కడుపులో, పసుపు ఎక్కడిది? నేను అల్లే కథల్లో కూడా ఇలాంటిది రాలేదు.

ఆ రోజు ట్యాంకరు వచ్చే రోజు. పాలకేంద్రం అరుగు మీద కూర్చుని చూశాను. ట్యాంకరు తెచ్చే అతన్ని అందరూ భాయ్ అంటారు. అతను ట్రాక్టరు ఆపి కొళాయి తిప్పాడు. ఆడవాళ్లు ఎప్పటిలా పోట్లాడుకుంటూ ముందుకు తోసుకోలేదు. ఒక్కొక్కరూ మొదటి బిందె నింపి, అందులో చిటికెడు పసుపు, రెండు వేపరెమ్మలు వేసి, వరసగా పాలకేంద్రం వెనక్కి నడిచారు. మొదట ఆవులక్క. ఆమె చెప్పులు విడిచి, నీలి గొట్టానికి బొట్టు పెట్టి, బిందెడు నీళ్లూ అందులోకి వంచింది. లోపలెక్కడో చాలా ఆలస్యంగా చప్పుడైంది. ఆమె తర్వాత ఇంకొకామె. ఆమె తర్వాత ఇంకొకామె. ఇంటికొక బిందె.

"అక్కా, ఏం జేస్తాండారు మీరు?" అన్నాను.

"కనపడలేదా? తల్లికి పోస్తాండాము."

"ఏ తల్లికి?"

"గంగమ్మకప్పా. నువ్వు యేసయ్య మనిషివి, నీకేం తెలుసు." బిందె నడుముకు ఎత్తుకుని నిదానంగా చెప్పింది. "పోయిన ఎండాకాలం ఈ గొట్టం కూసింది. మద్దేనమైతే సాలు, ఊ... అని. సెవి పెడితే మొగం మీద గాలి కొట్టేది. తల్లి దాహమని ఏడస్తాండాదని మా అత్త సెప్పింది. దాహమైనోళ్లకు పోయకుండా మనం తాగితే అరుగుతాదా? అప్పట్నుంచి తొలి బిందె ఆమెకే. ఇప్పుడు కూయడం లేదు సూడు. సల్లబడింది."

గొట్టం కూయడం నిజమే. ఒకప్పుడు నీళ్లు పారిన రాతి పగుళ్లు ఎండిపోతే వాటిలో గాలి చేరుతుంది. పొద్దున లోపలికి, మధ్యాహ్నం బయటికి, అది ఊపిరి పీల్చినట్టే ఉంటుంది. అలా కూసే బోర్లు నేను వేరేచోట్ల కూడా చూశాను. ఈ బోరు అడుగుభాగం మాత్రం పగుళ్లు లేని గట్టి బండ. అందులో పోసిన నీళ్లు ఎక్కడికీ పోవు. బండరాతిలో చెక్కిన పొడవాటి లోటా అది. ఆ లోటాలో ఊరంతా కలిసి ట్యాంకరు నీళ్లు పోస్తోంది. నేను నెలనెలా వచ్చి, భూమి కడుపు నిండుతోందని ప్రపంచానికి చెబుతున్నాను.

"అక్కా, మీరు పోసిన నీళ్లే నేను కొలిసినాను. నీళ్లు వచ్చినాయని పచ్చ పెట్టినారు. ట్యాంకరు నిలిపేస్తారంట."

ఆమె నవ్వింది. "పోయినసారి వచ్చినప్పుడు వాయల్పాడులో కోడి మనిషిని కన్నదన్నావు. పో, పోయి టీ తాగు."

"ఒట్టక్కా."

"యాల ఒట్టేస్తావు, అబద్ధమాడేటోడికి ఒట్టెందుకు?"

పక్కన భాయ్ పైపు చుడుతున్నాడు. అతను మాత్రం నవ్వలేదు. "నిజమే అక్కా," అన్నాడు. "ఈ నెలాఖరు దాకానే నీకు తెచ్చేది. నాకు ఫోను వచ్చింది. నీతో యాడ సెప్పేదని సెప్పలేదు."

ఆమె బిందె కింద పెట్టింది. తొట్టి దగ్గర నిలబడిన ఆవులవైపు చూసింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మదనపల్లె పోయి మేడంకు చెప్పాను. పసుపు అంటిన రుమాలు టేబుల్ మీద పరిచాను. ఆమె దాన్ని పెన్నుతో ఒక పక్కకు జరిపింది.

"అన్నా, మీ టీ కొట్టు కథలు నాదాకా వస్తుంటాయి. బిందెలతో పోస్తే భూగర్భజలం పెరుగుతుందా? మీరే చెప్పండి."

"భూగర్భజలం పెరగలేదు మేడం. గొట్టం నిండింది."

"సరే. వాళ్లను పోయడం ఆపమనండి. నెల తర్వాత కొలవండి. మట్టం పడిపోతే మీ మాట నమ్ముతాను."

న్యాయంగానే ఉంది అనుకున్నాను. ఆ గదిలోనే నోరు తెరిచి చెప్పాల్సింది, అది పడిపోదని. అప్పటికి నాకే తోచలేదు.

తల్లికి నీళ్లు ఆపడానికి ఊరు ఒప్పుకోవడం మాటలు కాదు. ఒకామె తన ఇంట్లో జ్వరాలు వస్తాయంది. ఇంకొకామె అయితే నీ ఆవులను అమ్ముకో, మేము తల్లిని ఎండబెట్టం అంది. ఆవులక్క అందరికంటే భయపడింది, అందరికంటే ముందు ఆమే ఒప్పుకుంది. "నెల దినాలు ఓర్సుకో తల్లీ, బిడ్డలకోసరం," అని గొట్టానికి చెప్పి, బొట్టు పెట్టి, చీరకొంగుతో మూతి తుడిచింది.

నెల గడిచింది. టేపు వదిలాను. అదే లోతులో కుయ్‌మంది.

లోటాలో నీళ్లు ఎక్కడికి పోతాయి? బండ వాటిని పట్టుకుని కూర్చుంది. పోయడం ఆపినా మట్టం తగ్గలేదు కాబట్టి అది భూమిలో ఊరిన నీరేనని ఆఫీసు ఖాయం చేసుకుంది. చుక్క పచ్చగానే ఉండిపోయింది. ట్యాంకరు నిలిచిపోయింది.

ఆ తర్వాత నేను ఆ ఊరికి పోయినప్పుడల్లా వీధి చిన్నదవుతున్నట్టు అనిపించేది. మనుషులు మాట్లాడటం తగ్గించారు. మాట్లాడితే గొంతు తడారిపోతుందని కాబోలు. ఆడవాళ్లు దూరంగా ఎవరి తోటలోనో బోరు ఆడినప్పుడు బతిమాలి తెచ్చుకునేవాళ్లు. అది మనుషులకే చాలదు. ఆవులు తొట్టి గీకడం కూడా మానేశాయి. తొట్టి వైపు తల తిప్పి, ఊరికే నిలబడి ఉండేవి. అన్నిటికంటే చిన్న ఆవు చూలుతో ఉంది. దాని డొక్కల మధ్య ఆ కడుపు ఒక్కటే మిగిలినట్టుండేది.

"వచ్చే సంతకు తోలతాను," అంది ఆమె. "సూలుది కూడా. పొట్టలో దాన్ని కూడా కలిపి తోలతాండాను సూడప్పా."

"తోలొద్దక్కా. తోడేద్దాం."

"ఏం తోడేది?"

"మీరు పోసిన నీళ్లు. మేడం కళ్ల ముందర. లోటా ఖాళీ అయితే ఆమెకే తెలస్తాది."

తల్లికి ఇచ్చినదాన్ని తిరిగి లాక్కోవడం. దానికంటే ఆవులను అమ్ముకోవడం మేలని కూడా ఆమెకు అనిపించి ఉండొచ్చు. చివరికి ఆమే దారి కనిపెట్టింది.

"మేము తాడు ముట్టం. నువ్వు లాగు. నువ్వు యేసయ్య మనిషివి, తల్లి నిన్నేం అనదు. భాయ్‌ని కూడా పిలు. ఆయప్పనూ అనదు. మీ దేవుళ్లు వేరే గదా, మీ లెక్క ఆమె సూడదు."

పుంగనూరులో బోర్లు బాగుచేసే దుకాణంలో బురద తోడే గొట్టం ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, అడుగున లోపలికి తెరుచుకునే రబ్బరు మూతతో. దాన్ని, ఒక గిలకను అడిగి తెచ్చాను. ఇక మేడం రావాలి. నిజం చెప్పి పిలిస్తే రాదని తెలుసు కాబట్టి, పచ్చ చుక్క ఊరిని వీడియో తీయడానికి ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని, మీరు లేకపోతే బాగుండదని ఫోను చేశాను. పట్టుచీరలో వచ్చింది.

వచ్చి, కెమెరాలు లేకపోవడం, గొట్టం మీద మూడు కర్రలు కట్టి గిలక వేలాడదీసి ఉండటం చూసి, ఆమె ముఖం ఎర్రబడింది.

"ఇదేంటన్నా?"

"అబద్ధం చెప్పినాను మేడం. పోయినసారి నిజం చెప్పినాను గదా."

ఆమె జీపు వైపు తిరిగింది. ఆ వైపే చూలు ఆవు నిలబడి ఉంది. దాన్ని చూసిందో, దాని పక్కన నిలబడిన ఆడవాళ్లను చూసిందో. జీపు ఎక్కకుండా వెనక్కి వచ్చింది.

"తోడండి," అంది. "కానీ నా షరతు వినండి. మొత్తం తోడాక సాయంత్రం దాకా ఆగుదాం. కింద నిజంగా ఊట ఉంటే ఎంతోకొంత తిరిగి వస్తుంది. వస్తే ఇది పచ్చే. రాకపోతే నేను తప్పు."

తాడును ట్రాక్టరు వెనక కట్టాం. భాయ్ మెల్లగా ముందుకు నడిపితే తోడే గొట్టం పైకి వస్తుంది, వెనక్కి వస్తే లోపలికి దిగుతుంది. పైకి వచ్చినప్పుడల్లా నేను దాన్ని బాన్లలోకి వంపాను. మొదట వచ్చిన నీళ్లు లేత పసుపు. తర్వాత ముదురు పసుపు. తర్వాత నల్లగా, కుళ్లిన వేపాకుతో, ముక్కు పగిలే కంపుతో. ఊరు తన నోరు కట్టుకుని ఇచ్చిన తొలి బిందెలన్నీ అక్కడ చీకట్లో మురిగిపోయి ఉన్నాయి. ఆడవాళ్లు దూరంగా నిలబడి చెంపలు వేసుకుంటున్నారు. ఆవులు నీటి చప్పుడుకు పరుగెత్తుకొచ్చాయి. బాన దగ్గర మూతి పెట్టి, బుసకొట్టి, వెనక్కి తగ్గాయి. అంత దాహంలోనూ ఒక్కటి కూడా నాలుక తడపలేదు.

పొద్దు నడినెత్తి దాటాక తోడే గొట్టం ఖాళీగా రావడం మొదలైంది. అడుగున బురద గీరుకున్న చప్పుడు. మేడం నా చేతిలోంచి టేపు తీసుకుని తానే వదిలింది. వదులుతూనే ఉంది, వదులుతూనే ఉంది. అది అడుగు తాకి వదులైంది. డబ్బా అరవలేదు.

"ఇప్పుడు ఆగుదాం," అంది.

ఆగాం. నేను చాలా జాతర్లు చూశాను, చర్చిలో ఉపవాస ప్రార్థనల్లో మోకాళ్లు అరగదీశాను, కానీ ఆ మధ్యాహ్నం విన్నటువంటి ప్రార్థన మళ్లీ వినలేదు. ఆవులక్క గొట్టానికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని, కళ్లు మూసుకుని గొణుగుతోంది. ముందు నాకు అర్థం కాలేదు. దగ్గరికి పోయి విన్నాను.

"రావద్దు తల్లీ. ఈ పొద్దుకు రావద్దు. నీ కాళ్లు మొక్కుతాను, రావద్దు."

ఆమె వెనక కూర్చున్న ఆడవాళ్లందరూ అదే అంటున్నారు. పుట్టినప్పటినుంచీ రమ్మని పిలిచిన గంగను రావద్దంటున్నారు. భాయ్ ట్రాక్టరు నీడలో నమాజు చేసుకుని, చేతులు చాపి కూర్చున్నాడు. ఏం అడుగుతున్నాడో అడగలేదు. నేను మా దేవుణ్ణి అదే అడిగాను. అడుగుతూ మధ్యలో ఆగాను. ఈ మాట వినేది ఎవరైనా, మాట పట్టేసుకుంటే? ఈ పొద్దుకే అన్న మాట వదిలేసి, రావద్దు అన్నది మాత్రం విని పెట్టుకుంటే?

నీడలు పాలకేంద్రం గోడ ఎక్కాయి. మేడం లేచి టేపు వదిలింది. చక్రం తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇనుప ముక్క అడుగు తాకింది. ఆమె దాన్ని ఎత్తి ఎత్తి మళ్లీ తాకించింది. డబ్బా అరవలేదు. పైకి చుట్టి, ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. ఒట్టి బురద.

ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలు వేశారు. పండగ కేకలు. ఒకామె ఏడ్చింది, ఒకామె మేడం బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. తమ కాళ్ల కింద చుక్క నీరు లేదని తేలినందుకు ఒక ఊరు గంతులేయడం నేను చూశాను. నేనూ వాళ్లతో కలిసి అరిచాను. అరిచి, ఆగి, చుట్టూ గుట్టల వైపు చూస్తే, అవి మమ్మల్ని చూస్తున్నట్టు అనిపించింది.

మేడం గొట్టం పక్కనే, పట్టుచీర సంగతి మరిచి, మట్టిలో కూర్చుంది.

"మిగతా పచ్చలు ఏంటన్నా?" అంది. "వేరే జిల్లాల్లో, వేరే దేశాల్లో. అవన్నీ ఎవరు పోశారు?"

ఆమె ఫోను తీసి తన చేత్తోనే చుక్కను ఎర్రగా మార్చింది. ఆ వారంలోనే ట్యాంకరు మళ్లీ వచ్చింది. చూలు ఆవు ఈనింది. దూడ చేతిసంచిలో పట్టేంత ఉందని టీ కొట్టులో చెప్పాను. నమ్మలేదు.

తర్వాత ఒక రోజు నేను టేపు వదలడానికి పోయినప్పుడు, ఆవులక్క ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పాలు కాచి ఇచ్చింది.

"అప్పా, ఈ ఎరుపు ఎన్నాళ్లుంటాది?"

"నీళ్లు వచ్చే దాకా."

"అంటే?"

"అంటే, కొలిస్తే నీళ్లు తగిలే దాకా."

ఆమె తల ఆడించింది. తొట్టిలో ఆవులు తాగుతున్నాయి. వాటి వైపు చూసింది.

అప్పుడే గుట్టల వెనకనుంచి మబ్బు లేచింది. ఆ ఏడు తొలి వాన. గాలికి దుమ్ము లేచి, దాని వెనకే పెద్ద పెద్ద చినుకులు, వేడి నేల మీద పడి చిమచిమలాడాయి. వీధిలో ఎవరో కేక పెట్టారు, సంతోషంగా. ఆవులక్క మాత్రం ఒక్క ఉదుటున లేచి, గూటిలోని యూరియా సంచి లాక్కుని తలమీద వేసుకుని పరుగెత్తింది. బట్టలు తీయడానికో, పిడకలు కప్పడానికో అనుకున్నాను. పాలకేంద్రం వెనక్కి పోయింది. వెనకే పోయాను.

ఆమె తలమీది సంచి తీసి గొట్టం మూతికి చుట్టి, జారిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. జుట్టు, రైక, చీర తడిసి ముద్దవుతున్నాయి.

"అక్కా, ఆ కంతలో ఎంత వాన పడతాది? గ్లాసుడు కూడా పడదు."

"గ్లాసుడు గూడా వద్దు."

"మరి నేలలోనుంచి దిగితే ఏం జేస్తావు?"

ఆమె వానలోంచి చేల వైపు చూసింది. నీళ్లు ఎర్రగా, ఒక్క క్షణం కూడా ఎక్కడా ఆగకుండా, బండల మీదనుంచి జారి వంక వైపు పారిపోతున్నాయి.

"యాడ దిగతాదప్పా," అంది. "సూడు, ఎట్ల పరిగెత్తతాండాదో."

గాలికి సంచి అంచు ఒకటి లేచి కొట్టుకుంటోంది. "ఆ కొన పట్టుకో," అంది. పట్టుకున్నాను.